వణికే చేతిని చూసిన వైద్యం దిమాగ్‌ని ఎప్పుడు చూసింది?

రాషా అనగానే మనకు చేయి వణకడమే గుర్తొస్తుంది. అరబీలో ఆ లఫ్జ్‌కి అర్థమే వణుకు. ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో వణుకు గురించి రాసినప్పుడు వాడింది కూడా ఈ మాటే. ప్రతి వణుకూ పార్కిన్సన్స్ కాదు గానీ, మన ఇళ్లల్లో పార్కిన్సన్స్‌కీ ఇదే పేరు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతిని వెలిగించిన ముహమ్మద్ అలీని టీవీలో చూసినవాళ్లకి ఆ వణికే చేయి ఇంకా యాదిలోనే ఉంటుంది.

కానీ ఈ మర్జ్‌తో కొన్నేళ్లు గడిపిన ఖాందాన్‌లని అడిగి చూడండి. చేతి వణుకు కన్నా ఎక్కువ పరేషాన్ చేసింది వేరే ఉందంటారు. పెద్దాయనకి సూరాలన్నీ కంఠస్థమే, కానీ ఎన్నో రకాత్‌లో ఉన్నాడో తెలియదు. పైసలు లెక్కపెడుతూ మధ్యలో ఆగిపోతాడు. అడిగినదానికి జవాబు చాలాసేపటికి వస్తుంది. రాత్రిపూట గది మూలలో ఎవరో పిల్లలు కూర్చున్నారంటాడు. ఇంట్లోవాళ్లు మొదట 'సఠియా గయే' అని నవ్వుకుంటారు. తర్వాత ఏదో అసర్ పడిందని తావీజ్ కోసం తిరుగుతారు. ఇవి కూడా ఆ మర్జ్‌లో భాగం కావచ్చని వైద్యశాస్త్రం గట్టిగా ఒప్పుకోవడానికి 150 ఏళ్లకు పైనే పట్టింది. ఇంత ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే ఆ తవారీఖ్‌లోకి వెళ్లాలి.

1817లో లండన్‌లోని హాక్స్‌టన్ ప్రాంతపు డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ ఈ మర్జ్ మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ఉన్నది ఆరుగురు మరీజుల హాల్ మాత్రమే. వాళ్లలో ముగ్గురు వీధిలో కనిపించినవాళ్లు. ఒకరినైతే దూరం నుంచి చూశాడంతే. అయినా వణుకు, ముందుకు వంగిపోయే నడుము, ఆపుకోలేని చిన్న చిన్న అడుగులు, అన్నీ కచ్చితంగా పట్టుకున్నాడు. అయితే మర్జ్‌కి నిర్వచనం ఇస్తూ, మనిషి అఖల్‌కీ ఇంద్రియాలకీ నష్టం ఉండదని తేల్చేశాడు. చివరి దశలో మగత, కొద్దిపాటి కలవరింత వస్తాయని అదే పుస్తకంలో రాశాడు గానీ, తర్వాతి తరాలు పట్టుకున్నది ఆ నిర్వచనాన్నే.

మర్జ్‌కి పార్కిన్సన్ పేరు పెట్టింది పారిస్‌లోని సాల్పెత్రియే ఆస్పత్రి ఉస్తాద్ షార్కో. 1860ల మొదట్లోనే ఆయన, సహచరుడు వుల్పియాన్ ఈ మరీజుల జెహన్ కూడా మందగిస్తుందని రాశారు. ఆ మాట ఎక్కువమంది చెవికెక్కలేదు. షార్కో శిష్యుడు ఆర్డెన్‌స్టైన్ 1867లో రాసిన పరిశోధనలో ఇలాజ్‌గా చెప్పింది హయోసయమిన్ అనే దవా. మన హకీములు వాడే ఖురాసానీ అజ్వాయన్‌లో, ఊళ్లల్లో పెరిగే ఉమ్మెత్తలో ఉండేది అదే. దాంతో వణుకు కొంత తగ్గేది. ఈ రకం దవాలే దాదాపు 100 ఏళ్లు ఈ మర్జ్‌కి ముఖ్యమైన ఇలాజ్. అవి దిమాగ్‌లో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయని, యాద్దాష్త్‌కి, ధ్యాసకి కావాల్సింది ఆ రసాయనమేనని తర్వాత తెలిసింది. అంటే చేతికి ఆరామ్ ఇస్తూ అఖల్ నుంచి కొంత తీసుకుంటున్న దవా అది.

1919లో పారిస్‌లోనే ట్రెటియాకాఫ్, మెదడు కాండంలో నల్లగా కనిపించే చిన్న భాగం ఈ మరీజుల్లో పాడైపోతుందని చూపించాడు. ఆ నల్లటి కణాలు ఏం తయారుచేస్తాయో తెలియడానికి ఇంకా 40 ఏళ్లు పట్టింది. ఆ కథలోకి మన హిందుస్తాన్ మొక్కలు రెండు వస్తాయి.

మొదటిది సర్పగంధి. యునానీలో దీన్ని అస్రోల్ అంటారు. ఢిల్లీ తిబ్బియా కాలేజీలో హకీమ్ అజ్మల్ ఖాన్ మొదలుపెట్టించిన తహ్‌కీక్‌ని సలీముజ్జమాన్ సిద్దీఖీ కొనసాగించాడు. 1931లో ఈ వేరు నుంచి తీసిన ఒక పదార్థానికి ఆయన పేరు మీదే అజ్మలిన్ అని పేరు పెట్టాడు. అదే వేరు నుంచి 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు రిసర్పిన్ తీశారు. రెండో మొక్క దూలగొండి, ఉర్దూలో కౌంచ్. మన కోస్తా, సీమ జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1937లో, దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు మద్రాసు శాస్త్రవేత్తలు దాని గింజల నుంచి ఎల్-డోపాని వేరుచేశారు.

1957లో స్వీడన్‌లో అర్విద్ కార్ల్‌సన్ బృందం కుందేళ్లకి రిసర్పిన్ ఇచ్చింది. అవి కదలకుండా పడిపోయాయి. డోపా ఇస్తే కొద్దిసేపట్లోనే లేచి తిరిగాయి. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్, ఎరింగర్ పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లలో డోపమిన్ బాగా తగ్గిపోయిందని చూపించారు. 1967లో అమెరికాలో కొట్జియాస్ డోపాని నోటి ద్వారా పెద్ద మోతాదులో ఇచ్చి మంచి ఫలితం చూపించాడు. మంచం పట్టినవాళ్లు లేచి నడిచారు. (ఇది చదివి ఎవరూ దూలగొండి గింజలు నూరి ఇవ్వకండి. ఏ గింజలో ఎంత మోతాదు ఉంటుందో ఇంట్లో తెలిసే వీలు లేదు.)

శరీరాన్ని దవా లేపాక, మరీజులు ఎక్కువ ఏళ్లు బతికాక, దిమాగ్ సంగతి దాచినా దాగలేదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఒక బృందం 136 మందిని మొదటి నుంచీ గమనించింది. 20 ఏళ్ల తర్వాత 2008లో లెక్క చూస్తే, బతికున్నవాళ్లలో 83 శాతం మందికి డిమెన్షియా ఉంది. డోపమిన్ ఇస్తే అడుగు పడుతోంది. మరి లెక్క ఎందుకు తప్పుతోంది?

ఒక జవాబు 1983లో వచ్చింది. ఎసిటైల్‌కోలిన్ పంపే కణాలు కూడా ఈ మరీజుల్లో నశిస్తాయని వైట్‌హౌస్ బృందం చూపించింది. ఆ రసాయనాన్ని నిలబెట్టే రివాస్టిగ్మిన్ కొంత మేలు చేస్తుందని 2004లో తేలింది. 2006లో అమెరికా దాన్ని పార్కిన్సన్స్ డిమెన్షియాకి మంజూరు చేసింది. 1867 దవా పనికి ఇది సరిగ్గా ఉల్టా.

రెండో జవాబు దిమాగ్ లోపలి దారుల్లో ఉంది. 1986లో అలెగ్జాండర్, డిలాంగ్, స్ట్రిక్ అనే ముగ్గురు ఒక సంగతి స్పష్టం చేశారు. మెదడు ముందుభాగం నుంచి లోపలి కేంద్రాలకి వెళ్లి తిరిగొచ్చే దారులు ఐదు దాకా ఉన్నాయి. కదలికలది వాటిలో ఒకటి మాత్రమే. ఆలోచనకి, వరుసకి, జజ్బాత్‌కి వేరే దారులున్నాయి. అన్నీ ఒకే చౌరస్తా మీదుగా పోతాయి. అక్కడ గడ్‌బడ్ అయితే ఒక్క దారే ఎలా ఆగుతుంది? మొహల్లాలో ఇళ్లన్నీ నిలబడే ఉన్నా గల్లీలు మూసుకుపోతే కబురు ఎలా ఆగిపోతుందో, ఇదీ అంతే. ఎప్పుడో బచ్‌పన్‌లో నేర్చిన సూరా చెక్కుచెదరకుండా ఉండొచ్చు. ఇది రెండో రకాతా, మూడోదా అని జెహన్‌లో పట్టి ఉంచే దారి బలహీనపడుతుంది.

ఈ దారుల్ని బతికున్న మనిషిలో చూసే వీలు 1995 తర్వాత వచ్చింది. ఏ పనీ చేయకుండా పడుకున్న మనిషిలోనూ మెదడు కుడి, ఎడమ భాగాల్లో చేతుల్ని కదిలించే చోట్లు ఒకే తాళంలో హెచ్చుతగ్గులవుతాయని అమెరికాలో బిస్వాల్ ఎమ్మారై స్కాన్‌తో చూపించాడు. ఒకే తాళంలో ఉన్నవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నట్టు. తర్వాత ఇదే పద్ధతిలో పార్కిన్సన్స్ వాళ్లని చూస్తే, జెహన్ మందగించినవాళ్లలో కొన్ని ముడులు సడలి ఉన్నట్టు చాలా పరిశోధనల్లో కనిపించింది. అయితే ఇవి గుంపుల సగటు తేడాలు. ఒక్క స్కాన్ చూసి ఫలానా పెద్దాయన యాద్దాష్త్ రేపు ఏమవుతుందో చెప్పే స్థితి ఇంకా రాలేదు.

ఈ తవారీఖ్ నుంచి మన ఇళ్లకి పనికొచ్చేది చాలానే ఉంది. జవాబు ఆలస్యమైతే ఆగండి, మనమే పూర్తిచేసేయొద్దు. రెండు ప్రశ్నలు ఒకేసారి వేయొద్దు. మూలలో పిల్లలు కనిపిస్తున్నారంటే తావీజ్ కట్టినా కట్టకపోయినా, ఆ సంగతి డాక్టర్‌కి మాత్రం తప్పకుండా చెప్పాలి. ఇలాంటప్పుడు ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి కొన్ని దవాలు ఈ మరీజుల శరీరాన్ని బిగదీసేస్తాయి. వణుకు కోసం ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ పాత హయోసయమిన్ దారిదే, పెద్ద వయసులో యాద్దాష్త్‌ని దెబ్బతీయగలదు. వాడే గోలీలన్నీ తీసుకెళ్లి చూపించండి, సొంతంగా ఏదీ ఆపొద్దు. ఎల్-డోపా టైమ్ తప్పితే శరీరం ఆగిపోతుంది కాబట్టి, రంజాన్‌కి ముందే డాక్టర్‌తో, ఆలిమ్‌తో మాట్లాడుకోవాలి. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో హోష్ తప్పినట్టు మాట్లాడితే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, ఒంట్లో నీళ్లు తగ్గడం కావచ్చు. వెంటనే చూపించాలి.

పార్కిన్సన్ తన మరీజుల్లో సగంమందిని వీధిలో చూశాడు. వీధిలో నడక కనిపిస్తుంది, వణుకు కనిపిస్తుంది. రకాత్‌లు మర్చిపోవడం, రాత్రి మూలలో పిల్లలు కనిపించడం ఇంట్లోవాళ్లకే తెలుస్తాయి. ఈసారి డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు ఆయన చేతి గురించే అడిగితే, మిగతాది మీరే చెప్పండి.