పుస్తకంలా అమ్మిన కంపైలర్

ఇంజనీరింగ్ ల్యాబుల్లో టర్బో సీ నీలం తెర చూసినవాళ్లలో చాలామందికి దాని అన్న టర్బో పాస్కల్ సంగతి తెలీదు. 1983లో పీసీ కంపైలర్లు వందల డాలర్లు పలికేవి. ఫ్రాన్స్ నుంచి కాలిఫోర్నియా వచ్చిన ఫిలిప్ కాన్, డెన్మార్క్ కుర్రాడు ఆండర్స్ హైల్స్‌బర్గ్ రాసిన కంపైలర్‌ని బోర్లాండ్ పేరు మీద 49.95 డాలర్లకే, పత్రికలో ప్రకటన వేసి పోస్టులో అమ్మాడు. ఎడిటర్, కంపైలర్ ఒకేచోట. తప్పు దొరికితే కర్సర్ నేరుగా అక్కడికే వెళ్లేది.

ధరకన్నా నాకు నచ్చేది బోర్లాండ్ లైసెన్సు. దీన్ని పుస్తకంలా చూసుకోండి అంది: ఎవరైనా వాడొచ్చు, ఏ మెషీన్లోకైనా మార్చుకోవచ్చు, ఒకేసారి రెండుచోట్ల మాత్రం కుదరదు. సాఫ్ట్‌వేర్ కాపీ చేయకుండా ఫ్లాపీలకి తాళాలేసే కాలమది. ఆ లైసెన్సు మాత్రం కొన్నవాణ్ని దొంగలా చూడలేదు.

ఇప్పుడు టూల్స్‌కి నెలనెలా అద్దె కడుతున్నాం. మేం తయారుచేస్తున్న చిన్న టూల్‌కి షరతులు రాయడానికి కూర్చున్నప్పుడల్లా నాకు ఆ పుస్తకం పోలికే గుర్తొస్తుంది.