పాస్ ఔట్ (ఆంగ్ల పదబంధం)

పాస్ ఔట్ అనేది ఆంగ్లభాషలో తరచుగా వాడబడే ఒక క్రియా పదబంధం. సందర్భాన్ని బట్టి దీనికి స్పృహ తప్పడం, సైనిక లేదా పోలీసు శిక్షణ ముగించుకొని విధులలోకి వెళ్ళడం, కాగితాల వంటి వాటిని పంచిపెట్టడం అనే మూడు ముఖ్యమైన అర్థాలు ఉన్నాయి. వీటికి తోడు భారతదేశంలో పాఠశాల లేదా కళాశాల చదువు పూర్తిచేయడం అనే అర్థంలో కూడా ఇది విస్తృతంగా వాడుకలో ఉన్నది. ఈ చివరి అర్థం అమెరికా, బ్రిటన్ దేశాల సామాన్య వాడుకలో లేదు. అక్కడివారికి ఈ మాట వినగానే సాధారణంగా మొదట స్ఫురించేది స్పృహ తప్పడమే. అందువలన విదేశాలలో చదువుకొనే, ఉద్యోగం చేసే తెలుగువారికి ఈ పదబంధం యొక్క అర్థభేదాలు తెలిసి ఉండడం అవసరం.

పద నిర్మాణం

ఈ పదబంధంలో రెండు మాటలు ఉన్నాయి. మొదటిది "పాస్" అనే క్రియ. ఇది ఫ్రెంచి భాష ద్వారా ఆంగ్లంలోకి వచ్చింది. దీని మూలం "అడుగు" అనే అర్థం గల "పస్సుస్" అనే లాటిన్ పదం. రెండవది "బయటికి" అనే అర్థం గల "ఔట్". ఇది ఆంగ్లంలో మొదటి నుండి ఉన్న పదం. ఈ విధంగా ఒక క్రియకు ఔట్, ఆఫ్, అప్, డౌన్ వంటి చిన్న మాట చేరి కొత్త అర్థాన్నిచ్చే పదబంధాలను ఆంగ్ల వ్యాకరణంలో ఫ్రేజల్ వెర్బ్ అంటారు.

ఇటువంటి పదబంధాల అర్థం వాటిలోని మాటలను విడివిడిగా అనువదించినంత మాత్రాన తెలియదు. తెలుగులో కూడా ఇటువంటివి ఉన్నాయి. "కళ్ళు తిరిగాయి" అన్నప్పుడు నిజంగా కళ్ళు తిరగవు. "చేతులెత్తేశాడు" అంటే ఓటమిని ఒప్పుకున్నాడనే గాని చేతులు పైకెత్తాడని కాదు.

స్పృహ తప్పడం

నేటి ఆంగ్లంలో ఈ పదబంధానికి ఉన్న ప్రధానమైన అర్థం ఇదే. ఇది 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో వాడుకలోకి వచ్చింది. ఎండదెబ్బ, ఆకలి, తీవ్రమైన నొప్పి, రక్తం చూసిన భయం, ఎక్కువసేపు కదలకుండా నిలబడడం వంటి కారణాల వలన మెదడుకు రక్తప్రసారం కొద్దిసేపు తగ్గి మనిషి సొమ్మసిల్లినప్పుడు ఈ మాట వాడతారు. అతిగా మద్యం సేవించి ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉండడాన్ని కూడా ఇదే మాటతో చెబుతారు.

* హీ పాస్డ్ ఔట్ ఇన్ ద హీట్ - ఎండ వేడికి అతను సొమ్మసిల్లి పడిపోయాడు.
* షీ ఆల్మోస్ట్ పాస్డ్ ఔట్ - ఆమెకు స్పృహ తప్పినంత పని అయింది, కాని తప్పలేదు.
* హీ వాజ్ పాస్డ్ ఔట్ ఆన్ ద సోఫా - అతను సోఫాలో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు.

ఈ అర్థంలో ఇది అకర్మక క్రియ. అనగా దీనికి కర్మ ఉండదు. ఇదే అర్థం గల మరొక క్రియ "ఫెయింట్". అయితే మద్యం మత్తులో పడిపోయిన వానిని గురించి చెప్పేటప్పుడు ఫెయింట్ అనరు, పాస్ ఔట్ అనే అంటారు. తిరిగి తెలివి రావడాన్ని "కమ్ టు" అనే మరొక పదబంధంతో చెబుతారు.

శిక్షణ ముగించడం

బ్రిటిష్ ఆంగ్లంలో సైనిక శిక్షణాలయం నుండి శిక్షణ పూర్తిచేసుకొని బయటికి రావడాన్ని పాస్ ఔట్ అంటారు. ఆ సందర్భంగా జరిగే కవాతు పాసింగ్ ఔట్ పరేడ్. ఈ వాడుక బ్రిటిష్ పాలనాకాలంలో భారత సైన్యంలోకి వచ్చి నేటికీ కొనసాగుతున్నది.

డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ 1932లో ప్రారంభమైంది. తరువాతి కాలంలో ఫీల్డ్ మార్షల్ అయిన శామ్ మానెక్‌షా ఇక్కడి మొదటి జట్టులో శిక్షణ పొందినవాడే. ఇక్కడ పాసింగ్ ఔట్ పరేడ్ సాధారణంగా ఏటా జూన్, డిసెంబరు నెలలలో జరుగుతుంది.

తెలుగునాట పోలీసు శిక్షణ ముగింపు కవాతులను గురించి వార్తాపత్రికలు పాసింగ్ ఔట్ పరేడ్ అనే వ్రాస్తాయి. హైదరాబాదులోని సర్దార్ వల్లభ్‌భాయి పటేల్ జాతీయ పోలీసు అకాడమీ ఇటువంటి కవాతులకు ప్రసిద్ధి. ఇది 1948లో మౌంట్ ఆబూలో ప్రారంభమై 1975లో హైదరాబాదుకు తరలివచ్చింది. హైదరాబాదు సమీపంలోని దుండిగల్ వైమానిక దళ అకాడమీలో మాత్రం ఇటువంటి కవాతును కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్ అని పిలుస్తారు.

పంచిపెట్టడం

ఒక సమూహంలోని వారందరికీ వస్తువులను అందజేయడం అనే అర్థం ముఖ్యంగా అమెరికా ఆంగ్లంలో ఎక్కువ. బ్రిటన్‌లో ఇదే అర్థానికి "హ్యాండ్ ఔట్", "గివ్ ఔట్" అనే మాటలు ఎక్కువగా వినబడతాయి.

* ద టీచర్ పాస్డ్ ఔట్ ద పేపర్స్ - ఉపాధ్యాయుడు కాగితాలు పంచాడు.
* ద టీచర్ పాస్డ్ దెమ్ ఔట్ - ఉపాధ్యాయుడు వాటిని పంచాడు.

ఈ అర్థంలో ఇది సకర్మక క్రియ. కర్మ నామవాచకమైతే అది "ఔట్" తరువాత గాని, రెండు మాటల మధ్య గాని రావచ్చు. కర్మ సర్వనామమైతే మాత్రం రెండవ ఉదాహరణలో వలె రెండు మాటల మధ్యనే రావాలి.

ఇతర అర్థాలు

* బ్రిడ్జ్ అనే పేకాటలో నలుగురు ఆటగాళ్ళూ వేలం పాడకుండా "పాస్" అంటే ఆ పంపకం పాస్డ్ ఔట్ అయినట్లు. దానికి ఎవరికీ పాయింట్లు రావు.
* "పాస్ ఔట్ ఆఫ్ యూజ్" అంటే వాడుక నుండి తొలగిపోవడం. "పాస్ ఔట్ ఆఫ్ సైట్" అంటే కనుమరుగు కావడం.
* "పాస్ అవే" అనేది వేరొక పదబంధం. దానికి మరణించడం అని అర్థం. ఈ రెంటినీ పొరబడరాదు.

భారతీయ ఆంగ్లంలో వాడుక

భారతదేశంలో "ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2022" అంటే 2022లో చదువు పూర్తయిందని అందరికీ అర్థమవుతుంది. ఉద్యోగ ప్రకటనలలో "2023 పాసౌట్స్" అని నామవాచకంగా కూడా వాడతారు. సైనిక శిక్షణకు సంబంధించిన అర్థానికి ఇది దగ్గరగానే ఉన్నది. రెండు చోట్లా ఒక విద్యను ముగించి ఆ సంస్థను విడిచిపోవడమే జరుగుతుంది.

తెలుగువారికి ఈ వాడుక సహజంగా తోచడానికి మరొక కారణం కూడా చెప్పవచ్చు. "పాసు", "ఔటు" అనే మాటలు రెండూ తెలుగులో కలిసిపోయినవే. పరీక్ష పాసై కళాశాల నుండి బయటికి వచ్చాడని మాటకు మాట అన్వయించుకుంటే అర్థం సరిగానే కుదురుతుంది. కాని ఇతర దేశాలవారు ఈ విధంగా అన్వయించుకోరు. ముఖ్యంగా "ఐ యామ్ పాస్డ్ ఔట్" అనే వాక్యానికి వారి వాడుకలో "నేను స్పృహ లేకుండా పడి ఉన్నాను" అనే అర్థం వస్తుంది.

కావున విదేశీ విశ్వవిద్యాలయాలకు పంపే దరఖాస్తులలో, ఉద్యోగపు ఇంటర్వ్యూలలో ఈ క్రింది రూపాలను వాడడం మేలు.

* ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022 - నేను 2022లో పట్టభద్రుడనయ్యాను.
* ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2022 - నేను 2022లో డిగ్రీ పూర్తిచేశాను.
* ఐ ఫినిష్డ్ స్కూల్ ఇన్ 2018 - నేను 2018లో పాఠశాల చదువు ముగించాను.

వైద్య సందర్భాలలో ఈ తేడా మరింత ముఖ్యమైనది. ప్రమాదం జరిగినప్పుడు అత్యవసర సేవల సిబ్బంది గాని వైద్యుడు గాని "డిడ్ హీ పాస్ ఔట్?" అని అడిగితే, "అతనికి స్పృహ తప్పిందా?" అని అర్థం. తలకు దెబ్బ తగిలిన వారి విషయంలో చికిత్సను నిర్ణయించడానికి ఈ సమాచారం ఉపయోగపడుతుంది. కేవలం కళ్ళు తిరిగి, తెలివి మాత్రం ఉన్నట్లయితే "నో, హీ ఫెల్ట్ డిజ్జీ" అని చెప్పాలి.

అర్థాన్ని గుర్తించే విధానం

వాక్యంలోని ఇతర పదాలను గమనిస్తే ఏ అర్థం ఉద్దేశించబడినదో చాలావరకు తెలుస్తుంది.

* పంచదగిన వస్తువు కర్మగా ఉంటే - పంచిపెట్టడం.
* కర్మ లేకుండా ఎండ, నొప్పి, మద్యం వంటి కారణం చెప్పబడితే - స్పృహ తప్పడం.
* సైనిక, పోలీసు శిక్షణాలయాల ప్రస్తావన ఉంటే - శిక్షణ ముగించడం.
* భారతీయులు వ్రాసిన వాక్యంలో కళాశాల పేరు గాని సంవత్సరం గాని ఉంటే - చదువు పూర్తిచేయడం.

ఏ ఆధారమూ లేని చోట, ముఖ్యంగా మాట్లాడేవారు భారతీయులు కానప్పుడు, స్పృహ తప్పడం అనే అర్థాన్నే మొదట తీసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* ఆంగ్ల భాష
* భారతీయ ఆంగ్లం
* జాతీయములు
* మూర్ఛ