కర్నల్ దారి వేరు, కల్నల్ దారి వేరు

‘ఇస్కూల్’ అన్న పిల్లవాణ్ని చూసి క్లాసంతా నవ్వడం కరీంనగర్ వైపు చాలామందికి అనుభవమే. నవ్వేవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఉర్దూలో ఆ మాట రాయాలంటే ముందు అలిఫ్ పెట్టాల్సిందే. ‘ఇస్టేషన్’ కూడా అంతే. అంటే అది నోరు తిరగక పుట్టిన పలుకు కాదు, ఉర్దూ బడి పుస్తకాల్లో అచ్చయిన రూపం.

తెలుగు నేలకు ఇంగ్లీషు రెండు దారుల్లో వచ్చింది. కోస్తాకు మద్రాసు నుంచి, కుంపిణీ కచేరీలు, మిషనరీ బడుల ద్వారా నేరుగా వచ్చింది. నిజాం ఏలుబడిలోని కరీంనగర్‌కు మాత్రం ఉర్దూ మీదుగా చేరింది. 1905లో జిల్లా కేంద్రం ఎలగందుల నుంచి కరీంనగర్‌కు మారినప్పుడు ఇక్కడి జిల్లా అధికారిని కలెక్టర్ అనేవారు కాదు, అవ్వల్ తాలూక్‌దార్ అనేవారు. అర్జీ, తీర్పు, రసీదు, అన్నీ ఉర్దూలోనే. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు తప్పనిసరి పాఠమే గాని, లెక్కలైనా వైద్యమైనా చెప్పింది ఉర్దూలో. హనుమాజీపేటలో పుట్టిన సి.నారాయణరెడ్డి అంతటి తెలుగు కవి చదువు సాగింది ఉర్దూ మాధ్యమంలోనే.

ఈ రెండు దారుల తేడా ‘కర్నల్’ దగ్గర బాగా తెలుస్తుంది. ఇంగ్లీషువాడు ఆ మాటను ‘ల’తో రాసి ‘ర’తో పలుకుతాడు. ఫ్రెంచి నుంచి వచ్చిన ‘ర’ రూపం నోట్లో ఉండిపోయింది, ఇటాలియన్ నుంచి వచ్చిన ‘ల’ రూపం కాగితం మీద నిలబడింది. ఉర్దూవాళ్లు విన్నది విన్నట్టు ‘కర్నల్’ అని రాసుకున్నారు. మన తెలుగు పత్రికలు మాత్రం స్పెల్లింగు చూసి ఇప్పటికీ ‘కల్నల్’ అనే అచ్చువేస్తున్నాయి. ఒకటి చెవితో నేర్చింది, ఇంకోటి కంటితో నేర్చింది. నా మాట అడిగితే ఇక్కడ చెవిదే గెలుపు. ‘టమాట’లోనూ అంతే. అమెరికావాడి ‘టమేటో’ కన్నా లండన్‌వాడి ‘టమాటో’కే మన కూరగాయల సంత దగ్గర.

అసలు ఇంగ్లండుకైనా ఒకే పలుకు ఉందా? 1917లో నిజాం సర్కారు ఉర్దూ పాఠ్యపుస్తకాల కోసం హైదరాబాదులో తర్జుమా శాఖను నెలకొల్పింది. లండన్‌లో ధ్వనిశాస్త్రవేత్త డేనియల్ జోన్స్ ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువు వెలువరించిందీ ఆ ఏడాదే. అందులో ఆయన నమోదు చేసింది దేశమంతటి పలుకును కాదు. పెద్ద బోర్డింగ్ బడుల్లో మగవాళ్లు చదువుకున్న దక్షిణ ఇంగ్లండు కుటుంబాల పలుకును. అదే తర్వాత మనలాంటి దేశాలకు కొలబద్ద అయి కూర్చుంది.

ఉత్తర తెలంగాణలో బడికి వెళ్లనివాళ్లకూ ఇంగ్లీషు అబ్బింది. కాజీపేట–బల్లార్షా రైలుమార్గం, దాని వెంట బెల్లంపల్లి, ఆ తర్వాత గోదావరిఖని బొగ్గుబాయిలు ఆ పని చేశాయి. మస్టర్, షిఫ్టు, టబ్బు, ట్రామర్: ఇవన్నీ కార్మికుడికి తల్లిభాషలో మాటలే అయ్యాయి. మనిషి ఒక్కడే అయినా ఓవర్‌మెన్, లైన్‌మెన్ అనే అంటారు. వ్యాకరణం పుస్తకం పట్టుకుని బాయిలోకి దిగేదెవరు?

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిశాక పరిస్థితి తిరగబడింది. ఉర్దూ చదువు విలువ పడిపోయింది, ఇంగ్లీషు వచ్చినవాడికి కుర్చీ దొరికింది. ఉద్యోగాలు స్థానికులకే దక్కాలంటూ 1952లో వరంగల్‌లో మొదలైన ముల్కీ ఆందోళన వెనక ఈ కడుపుమంట కూడా ఉంది. ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన 1956 పెద్దమనుషుల ఒప్పందంలో పాలనలో ఉర్దూ స్థానం ఐదేళ్లు కొనసాగాలన్న షరతు పెట్టించుకోవాల్సి వచ్చింది. ‘ఇస్కూల్’ మీద నవ్వుకు జోరు పెరిగింది ఈ కాలంలోనే అని నా అభిప్రాయం. అప్పుడు నవ్వింది పలుకును చూసి కాదు, దాని వెనకున్న చదువును చూసి.

1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడింది. ఇప్పటి ఇఫ్లూ అదే. అక్కడి నుంచి ఆర్.కె. బన్సల్ 1969లో ప్రచురించిన అధ్యయనం, భారతీయుల ఇంగ్లీషు అవతలివాడికి ఎంతవరకు అర్థమవుతోందని చూసింది. అచ్చం దొరలా పలుకుతున్నామా అన్నదానికన్నా ఇది పనికొచ్చే ప్రశ్న.

ఆ పరీక్షకు జగిత్యాల, సిరిసిల్ల, మెట్‌పల్లి నుంచి దుబాయి పోయినవాళ్లు రోజూ నిలబడుతూనే ఉన్నారు. అరబ్బీలో ‘ప’ లేదు కాబట్టి అక్కడి కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) ‘పార్కింగ్’ను ‘బార్కింగ్’ అంటాడు. ఫిలిప్పీన్స్ నర్సు నోట ‘ఫ’ తరచూ ‘ప’ అవుతుంది. మనవాడు ఇద్దరినీ అర్థం చేసుకుని పని నడిపిస్తాడు. ఇటు సాఫ్ట్‌వేర్ పిల్లలు ‘షెడ్యూల్’ను అమెరికా పద్ధతిలో ‘స్కెజ్యూల్’ చేసేశారు. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం షెడ్యూల్డ్ కులాలు, షెడ్యూల్డ్ తెగలు బ్రిటిష్ పలుకుతోనే ఉన్నాయి.

ఉర్దూ మాధ్యమంలో చదివిన తరం, మొదటితరం బాయి కార్మికులు వేగంగా కనుమరుగవుతున్నారు. మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే కూర్చోబెట్టి మాట్లాడించండి, ఫోనులో రికార్డు చేయండి. వాళ్ల పలుకును మాత్రం దిద్దకండి.