కళింగం నుంచి కోసలకు: మన దారిలోని సిర్పూర్

భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పెక్కు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చినవే. వేసవి సెలవులకో సంక్రాంతికో సొంతూరికి బయలుదేరినప్పుడు రాయపూర్ దాటిన కొంతసేపటికి మహానది వంతెన వస్తుంది. ఆ వెంటనే మహాసముంద్. అక్కడ దిగే తెలుగువారు అరుదు. అక్కడి నుంచి బాగ్‌బాహరా, ఖరియార్ రోడ్, టిట్లాగఢ్, రాయగడ దాటి పార్వతీపురం వచ్చేదాకా మనకు ఆ దారి అంటే కొండలు, అడవి, నిద్ర. రెండు మూడు తరాలుగా ఈ మార్గంలో ప్రయాణిస్తున్నాము. కాని దానిని చూచినవారము కాము.

సుమారు 1,390 ఏళ్ళ కిందట ఒక యాత్రికుడు ఇదే దిక్కుగా కాలినడకన వచ్చాడు. చైనా భిక్షువు హ్యూయన్‌త్సాంగ్ 639 ప్రాంతంలో కళింగం విడిచి, కొండలూ అడవులూ దాటుతూ వాయవ్యంగా 1,800 లీలు నడిచి కోసల దేశం చేరినట్లు వ్రాసుకున్నాడు. లీ అనేది చైనావారి దూరమానం. అక్కడి నుంచి దక్షిణంగా గొప్ప అడవి గుండా 900 లీలు సాగి ఆంధ్ర దేశానికి, పిమ్మట ధాన్యకటకానికి వెళ్ళాడు. ఆ కోసల ఉత్తరాదిన అయోధ్య ఉన్న కోసల కాదు. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని అధిక భాగం ఇమిడిన దక్షిణ కోసల. అంటే మన తాతలు ఉక్కు కర్మాగారంలో పనికోసం బయలుదేరిన దిక్కునే ఆయన ధర్మ గ్రంథాల కోసం బయలుదేరాడు. 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలు మార్గం ఆయన అడుగుజాడల మీదనే పడిందని మేము అనము. ఆయన ఏ కనుమ గుండా వచ్చాడో చెప్పడానికి ఆధారం లేదు. దిక్కు ఒకటే, రెండు కొసలూ ఒకటే. అంతవరకే అనగలము.

ఈ సంగతి మనకెందుకు అని అడిగే యువకులు ఉన్నారు. సెక్టర్ 6 అనే చిరునామాలో ఒక సుఖం ఉన్నది. ఊళ్ళో ఇల్లు ఏ పేటలో ఉన్నదో చెబితే చాలు, అడిగినవాడికి కావలసిన కులం తెలిసిపోతుంది. సెక్టరు, వీధి, క్వార్టరు నంబరు చెబితే ఏమీ తెలియదు. మన పెద్దలకు ఆ అంకెలు చేసిన మేలు చిన్నది కాదు. అయితే ఆ అంకెలకు గతం లేదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతులమీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభం. మన పిల్లలకు ఈ నేల చరిత్ర అక్కడ మొదలవుతుంది. ఉద్యోగ విరమణ చేసి క్వార్టరు ఖాళీ చేయవలసిన రోజున "మనది ఏ ఊరు?" అనే ప్రశ్న ఇంటింటా లేస్తుంది. అక్కడికి వెళితే భిలాయివాళ్ళం, ఇక్కడ ఉంటే ఆంధ్రావాళ్ళం. ఈ ప్రశ్నకు చరిత్ర పూర్తి సమాధానం ఇవ్వదు. కాని మనం వచ్చిపడినది ఒట్టి కంపెనీ స్థలంలో కాదని మాత్రం ఒక్క రోజు ప్రయాణంలో చూపగలదు.

ఆ ప్రయాణం సిర్పూర్‌కు. తెలుగువారికి ఈ పేరు వినగానే కాగజ్‌నగర్ పక్కనున్న సిర్పూర్ స్ఫురిస్తుంది. ఇది అది కాదు. ఇది ప్రాచీన శ్రీపురం, మహాసముంద్ జిల్లాలో మహానది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. మన రైలు దాటే నదే ఉత్తరంగా పారి అక్కడికి చేరుతుంది. రాయపూర్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు. జాతీయ రహదారి మీద ఆరంగ్, ఆపైన మహానది దాటి, కుహరి మలుపు దగ్గర ఎడమకు తిరగాలి.

నేరుగా సిర్పూర్ వెళ్ళేకంటే ముందు రాయపూర్‌లోని మహంత్ ఘాసీదాస్ మ్యూజియం చూడడం మంచిదని మా అభిప్రాయం. 1875లో రాజ్‌నంద్‌గావ్ పాలకుడు మహంత్ ఘాసీదాస్ స్థాపించినది. సత్‌నామీ గురువైన ఘాసీదాస్ బాబా వేరు. ఈ ఇద్దరినీ ఒకరిగా భావించడం మనవారిలో తరచు కనిపిస్తుంది. సిర్పూర్ కంచు విగ్రహాలు కొన్ని ఇక్కడ ఉన్నాయి: బుద్ధుడు, పద్మపాణి, మంజుశ్రీ. చాలా వరకు జానెడు మూరెడు ఎత్తువే. చూచినవారు ముందు ముఖాల ప్రశాంతతను మెచ్చుకుంటారు. మాతో వచ్చిన పోత విభాగపు ఉద్యోగులు మాత్రం మరొకటి చూచారు. మైనంతో నమూనా చేసి, దాని మీద మట్టి పొరలు పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోయడం ఇక్కడి పద్ధతి. ఒక విగ్రహానికి ఒకే అచ్చు. పోత చెడితే నెలల శ్రమ పోతుంది. ఆ తర్వాత కన్నులకు వెండి, పెదవులకు రాగి పొదిగారు. వేలి కొసల దాకా లోహం చేరేలా పోసిన ఆ పనివాళ్ళ నేర్పును గంటసేపు చర్చించుకున్న మనవారిని చూచి, తరగతి గదిలో మేము ఇన్నేళ్ళు చెప్పిన శిల్పశాస్త్ర పాఠాలలో ఏమి కొరవడిందో మాకు అర్థమైంది. ఈ రాశిలోని అందమైన విగ్రహాలలో ఒకటైన తారాదేవి నేడు అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో ఉన్నది. మహానది ఒడ్డున పోత పోసిన తారను చూడాలంటే మహాసముంద్ జిల్లావాసికి వీసా కావాలి.

సిర్పూర్‌లో తవ్వకాలు 1953-56 మధ్య మోరేశ్వర్ గంగాధర్ దీక్షిత్ నాయకత్వంలో జరిగాయి. ఆ మూడేళ్ళను గుర్తుంచుకోవడం బాగుంటుంది. ఇక్కడ ఇటుకల కింద నుంచి తథాగతుడు బయటపడుతున్న రోజులలోనే భిలాయి ఒప్పందం కుదిరింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగి, నాగార్జునకొండ లోయ మునకకు సిద్ధమైంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ ధమ్మదీక్ష స్వీకరించారు. వీటిని ఎవరూ కలిపి ఆలోచించి చేయలేదు. కాని మన బతుకులు ఈ నాలుగింటి కూడలిలో ఉన్నాయి.

దీక్షిత్ వెలికితీసిన వాటిలో ముఖ్యమైనది ఆనందప్రభు కుటీ విహారం. మహాశివగుప్త బాలార్జునుని కాలంలో ఆనందప్రభు అనే భిక్షువు కట్టించినది. నడుమ స్తంభాల మండపం, చుట్టూ భిక్షువుల గదులు, ఎదుట గర్భగృహంలో భూమిస్పర్శ ముద్రలో కూర్చున్న బుద్ధుడు, పక్కన పద్మపాణి. అక్కడ దొరికిన శాసనం భిక్షువుల భోజనానికి చేసిన ఏర్పాటును కూడా చెబుతుంది. విహారమంటే ధ్యానం మాత్రమే కాదు, వంటశాల కూడా; బియ్యం ఎవరిస్తారన్న ప్రశ్న అప్పుడూ ఉన్నది. సమీపంలోని తీవరదేవ విహారం ఈ శతాబ్ది తొలి ఏళ్ళలో అరుణ్‌కుమార్ శర్మ తవ్వకాలలో బయటపడింది. దాని ద్వారబంధం ముందు పిల్లలను నిలబెట్టాలి. పోట్లాడే పొట్టేళ్ళు, కోతి, మొసలి, అన్నీ ఆ రాతిలో ఉన్నాయి. కోతి–మొసలి కథను పంచతంత్రమని బోర్డులు చెబుతాయి. అదే కథ జాతకాలలోనూ ఉన్నదని, అక్కడ ఆ కోతి బోధిసత్త్వుడని మనం చెప్పాలి. పిల్లలు ఈ కథను పేరు లేకుండానే గుర్తుపడతారు.

ఇక మేము కొంచెం జాగ్రత్తగా మాట్లాడవలసిన విషయం. హ్యూయన్‌త్సాంగ్ కోసలలో దాదాపు వంద సంఘారామాలు, పదివేలకు కాస్త తక్కువగా మహాయాన భిక్షువులు, డెబ్బై దేవాలయాలు ఉన్నట్లు వ్రాశాడు. ఇది రాజ్యం మొత్తానికి చెప్పిన లెక్క. మన సభలలోను, వాట్సాప్ సందేశాలలోను ఇది "సిర్పూర్ విశ్వవిద్యాలయంలో పదివేల మంది విద్యార్థులు"గా మారిపోయింది. పైగా ఆయన రాజధాని పేరు చెప్పలేదు. కన్నింగ్‌హామ్ అది చాందా అన్నాడు, ఫెర్గూసన్ వైరాగఢ్ అన్నాడు. సిర్పూర్ తవ్వకాల తర్వాతే మొగ్గు ఇటు వచ్చింది. రాజు క్షత్రియుడు, బౌద్ధ ధర్మాభిమాని అని ఆయన అంటే, బాలార్జునుని శాసనాలు ఆయనను పరమ మాహేశ్వరుడని అంటాయి. ఈ చిక్కు ఇంకా వీడలేదు. మన చరిత్రను ఇతరులు చెరిపివేస్తున్నారని బాధపడే మనం, లేని అంకెలను చేర్చి ఆ పని వారికి సులభం చేయకూడదు. ఉన్నది చాలు.

ఉన్నది ఏమిటో మల్హార్‌లో దొరికిన తామ్ర శాసనం చూపుతుంది. బిలాస్‌పూర్ వైపు వెళ్ళేవారు మల్హార్‌ను కూడా చూడవచ్చు. అదే మహాశివగుప్తుడు, శివభక్తుడు, తన మేనమామ భాస్కరవర్మ కోరిక మీద కైలాసపురమనే గ్రామాన్ని తరడంశకంలోని చిన్న విహారపు భిక్షు సంఘానికి దానం చేశాడు. ఆ విహారం కట్టించినది కోరదేవుని భార్య అలక. గ్రామం పేరు కైలాసం, దాత శైవుడు, గ్రహీతలు బౌద్ధులు, విహారం స్త్రీ కట్టినది. రాజుల వంశావళులు ఎన్నైనా మరచిపోవచ్చు గాని అలక పేరు మన ఉపాసికలు గుర్తుంచుకోవాలని మా కోరిక. అందుకే సిర్పూర్‌లో లక్ష్మణ మందిరాన్ని "మనది కాదు" అని దాటిపోవద్దంటాము. అది నిజానికి విష్ణ్వాలయం. బాలార్జునుని తల్లి వాసట తన భర్త హర్షగుప్తుని స్మృతిలో కట్టించినది. మన దేశంలోని ప్రాచీన ఇటుక కట్టడాలలో అంత నిండుగా నిలిచినవి కొద్ది. విహారాల ఇటుకనూ ఆ గుడి ఇటుకనూ పోల్చి చూస్తే ఆ నగరపు పనివాళ్ళకు ఈ గోడ ఆ గోడ అనే భేదం లేదని తెలుస్తుంది.

నాగార్జునాచార్యుని మాట ఎత్తకపోతే తెలుగు పాఠకులు ఒప్పుకోరు. రాజధానికి దక్షిణాన ఉన్న పాత సంఘారామంలో ఆయన నివసించాడని హ్యూయన్‌త్సాంగ్ విన్నాడు. సింహళం నుంచి ఆర్యదేవుడు వాదానికి వచ్చినప్పుడు ఆచార్యుడు నిండు నీటి పాత్ర పంపాడట. ఆర్యదేవుడు మాట్లాడక అందులో ఒక సూది జారవిడిచాడట. నీరు నిండుగా ఉన్నది జ్ఞానం, అడుగు తాకినది సూది. శిష్యుడు ఎవరో గురువుకు తెలిసిపోయింది. శాతవాహన రాజు ఆచార్యుని కోసం నల్ల తుమ్మెదల కొండలో అంతస్తుల విహారం తొలిపించిన కథ కూడా ఆ గ్రంథంలో ఉన్నది. నాగార్జునకొండ వారు ఆయన మావాడంటారు, ఛత్తీస్‌గఢ్ వారు మావాడంటారు. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాలలో ఆయన పేరు లేదు. సిర్పూర్ శాసనాలలోనూ ఆయన నివాసానికి రుజువు లేదు. కాని ఏడవ శతాబ్దంలో ఒక చైనా యాత్రికుడు కోసలలో విన్న కథలో దక్షిణాపథపు రాజు ఉన్నాడు. ఈ రెండు దేశాల మధ్య మనుషులు, పుస్తకాలు, వాదాలు తిరిగిన సంగతికి ఆ కథే సాక్ష్యం. ఆచార్యుని జన్మస్థలం తేల్చడం కంటే అది మాకు విలువైనది.

సమీప క్షేత్రాలు ఇంకా ఉన్నాయి. నాగపూర్ దీక్షాభూమికి వెళ్ళే మనవారు డోంగర్‌గఢ్ స్టేషను మీదుగానే వెళతారు. బమలేశ్వరి కొండకు వెళ్ళే జనసందోహాన్ని చూస్తారు గాని, ప్రజ్ఞాగిరి మీది బుద్ధ విగ్రహం కోసం దిగేవారు తక్కువ. అది ఆధునికం, చరిత్రకారుడికి అక్కడ పెద్దగా పని లేదు, కాళ్ళకు మాత్రం ఉన్నది. తుర్‌తురియా సంగతి వేరు. నేడు అది వాల్మీకి ఆశ్రమంగా ప్రసిద్ధి. పంతొమ్మిదవ శతాబ్దం చివర కన్నింగ్‌హామ్ అక్కడ బౌద్ధ శిల్పాలను, సేవ చేసేది స్త్రీలే కావడాన్ని గమనించి, ఒకప్పుడు అది భిక్షుణుల ఆరామం కావచ్చునని ఊహించాడు. అది ఊహే. అయినా ఆరామం పోయిన తర్వాత కూడా ఆ సేవ స్త్రీల చేతుల్లో మిగిలి ఉండవచ్చుననే ఆలోచన మమ్మల్ని విడువదు.

రెండు రోజుల తీరిక ఉన్నవారు బస్తర్ వైపు, కొండాగావ్ జిల్లాలోని భోంగాపాల్ చూడవచ్చు. అడవిలో ఇటుకల చైత్యపు శిథిలం, దాని మీద కూర్చున్న బుద్ధుడు. చుట్టుపక్కల గ్రామస్థులు ఆయనను డోక్రా బాబా అంటారు. డోక్రా అంటే ముసలాయన. పేరు మరచారు గాని మనిషిని విడువలేదు. అక్కడికి వెళ్ళినప్పుడు ఆయన అసలు పేరు ఇదని వారికి పాఠం చెప్పడానికి తొందరపడవద్దు. ముందు ఆ ఊరి పెద్దలను కలిసి, డోక్రా బాబా గురించి వారికి తెలిసినది అడిగి వ్రాసుకొని రండి. అది ఇంతవరకు తెలుగులో ఎవరూ వ్రాసినట్లు మా దృష్టికి రాలేదు.