తుపాకి గొంతు



తుపాకి అనే మాట మనకు తుర్కీ, పారసీక భాషల మీదుగా వచ్చినది. వారి తుఫెక్, తుఫంగ్ శబ్దాలకు మందుగుండు రాక పూర్వం ఉన్న అర్థం ఊదుగొట్టం. పదకొండవ శతాబ్దిలో మహమూద్ కాష్గరీ కూర్చిన తుర్కీ నిఘంటువులో దీని పూర్వరూపం పిచ్చుకలను కొట్టే బోలు కర్రగొట్టంగా కనిపిస్తుంది. అంటే మాట పుట్టుకను బట్టి చూస్తే తుపాకి గాలితుపాకియే! మందు దట్టించినది ఆ పేరును తరువాత ఎరువు తెచ్చుకొన్నది. అంత నిశ్శబ్దమైన పూర్వికుని వంశంలో స్ప్రింగుతో పనిచేసే గాలితుపాకికి అంత రొద ఎక్కడిదన్నదే ఈ టపా.

ఉద్యోగరీత్యా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడుచోట్లా పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. (మూడూ 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. నా నోటికి మాత్రం ఇంకా అనంతపురమే వస్తుంది.) పెనుకొండ బాబయ్య ఉరుసులోనైనా, ధర్మవరం చెన్నకేశవస్వామి తేరు నాళ్ళలోనైనా, రంగుల బుడగలు కట్టిన పలక, ముందు బల్లమీద రెండు గాలితుపాకులు లేకుంటే తిరునాళ్ళ శోభే లేదు. 1565 తరువాత విజయనగర ప్రభువులు రాజధానిగా చేసుకొన్న కోట పాదాన, నేడు పేలేవి ఈ బుడగలే. మీట నొక్కగానే బుడగ పేలుడుకంటె ముందు తుపాకి కడుపులోంచి "టంగ్...య్" మని ఒక మూలుగు వినవస్తుంది. కొనుగోలుదారులకు ఆ మూలుగంటే మహా గౌరవం. శబ్దం గట్టిదైతే దెబ్బ గట్టిదని నమ్మకం. నిజం దానికి తలకిందులు. చెవికి చేరిన ప్రతి చప్పుడూ గుళికకు చేరకుండా పోయిన శక్తియే.

లోపలి వ్యవహారం చిత్రంగా ఉంటుంది. గొట్టాన్ని మధ్యకు వంచినప్పుడు పిస్టను వెనుకకు జరిగి, లావాటి స్ప్రింగును నొక్కిపెడుతుంది. మీట వదలగానే స్ప్రింగు పిస్టనును ముందుకు తోస్తుంది, పిస్టను గాలిని నొక్కుతుంది, ఆ గాలి సీసపు గుళికను తోస్తుంది. ఇదంతా సెకనులో నూరోవంతుకు అటూ ఇటూ. కాబట్టి "గాలి" తుపాకి అన్నది సగం నిజమే. అసలు బలం ఇనుప చుట్టది.

ఇటువంటివి పంతొమ్మిదవ శతాబ్ది చివరనే అమెరికాలో, జర్మనీలో తయారయ్యేవి. అమెరికాలో డైసీ కంపెనీ మొదట గాలిమరలు చేసేది. రామగిరి గుట్టలమీది గాలిమరలను చూసినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. ఇంగ్లండులో లింకన్ జెఫ్రీస్ 1904లో పేటెంటు పొందిన నమూనాను 1905 నుంచి బి.యస్.ఏ. వారు బర్మింగ్‌హామ్‌లో చేయసాగారు. మన నాన్నల తరం సైకిళ్ళమీద చూసిన బి.యస్.ఏ. అదే! బంధుత్వం పేరుతో ఆగలేదు. పాత తుపాకి పిస్టను కొసన ఉండే తోలు వాషరు, సైకిలు పంపులోని తోలు వాషరు ఒక తల్లి బిడ్డలే. అందుకే మా వైపు బుడగల తుపాకికి జబ్బు చేస్తే సైకిలు షాపుకే తెచ్చేవారు.

ధర్మవరంలో మగ్గం చప్పుడు వినే నేతగాడు ఎక్కడ తేడా వచ్చిందో చెప్పగలడు. అక్కడి ఒక సైకిలు షాపు పెద్దాయన తుపాకిని కూడా అట్లే వినేవాడు. "సార్, ముందు వినల్ల, ఆనక విప్పల్ల" అనేవాడు. ఆయన ప్రకారం మొదటి పని మరలు బిగించి చూడటం. సగం గలగలలు కర్రకూ ఇనుముకూ నడుమ వదులైన మరలవే. తీగ మీటినట్లు సాగే మూలుగైతే స్ప్రింగుది. దాని లోపల ఉండే కమ్మికీ స్ప్రింగుకూ సందు ఎక్కువైతే, వదలిన క్షణాన స్ప్రింగు అటు కమ్మికీ ఇటు పిస్టను గోడకూ కొట్టుకొని వణకుతుంది. కమ్మిని సరిపోయేటట్లు మార్చడం, పిస్టను లోపల పలుచని రేకు చుట్టడం, బంకగా ఉండే గ్రీజు కొద్దిగా పూయడం దీనికి మందు. వంగిన స్ప్రింగుకు మాత్రం మందు లేదు, మార్చవలసిందే.

మూలుగు కాక "ఠక్" మని ఇనుము ఇనుమును గుద్దినట్లుంటే తోలు వాషరు ఎండి గాలి పోతున్నదని అర్థం. గాలిమెత్త లేక పిస్టను నేరుగా గోడకు తగులుతుంది. గుళిక లేకుండా ఉత్తినే పేల్చినా ఇదే గతి. పిల్లలు చేసేది ముఖ్యంగా ఈ పనే. గొట్టం మడిచే కీలు దగ్గర "ఉస్సు" మంటే అక్కడి వాషరు పోయినట్లు. పలుచని కాగితపు ముక్క ఆ సందుమీద అంటించి, గుళిక వేసి పలకవైపు పేల్చితే కాగితం ఎగురుతుంది. ఇంతకన్న చౌకైన పరీక్ష ఏముంటుంది?

అన్నిటికన్న మోసకారి శబ్దం మరొకటుంది. పొగతో కూడిన "ఫట్"! కొందరు కుర్రవాళ్ళు గాలిగదిలో నూనెచుక్క వేసి దీన్ని కావాలని తెప్పించేవారు. పిస్టను నొక్కుడుకు గాలి ఎంతగా వేడెక్కుతుందంటే నూనె ఆవిరి అంటుకొంటుంది. రుడాల్ఫ్ డీజిల్ ఇంజను నడిచే సూత్రం అదే. ఆ ఒక్క దెబ్బకు వేగం పెరుగుతుంది, పదిసార్లు చేస్తే వాషరు కాలుతుంది, స్ప్రింగు విరుగుతుంది. నూనె తోలుకు కావాలి, గాలిగదికి వద్దు అని పెద్దాయన తిట్టినంత పని చేసేవాడు. మరొక హెచ్చరిక కూడా ఆయనదే: లోపల స్ప్రింగు ఎప్పుడూ కొంత నొక్కుకొనే ఉంటుంది, సరైన బిగింపు లేకుండా విప్పితే చేతులకే ముప్పు.

పందెపు తుపాకులు చేసే జర్మనులు ఈ అదురుతో చాలాకాలం కుస్తీ పట్టారు. డయానా వారు రెండు పిస్టన్లను ఎదురెదురుగా నడిపి ఒకదాని కుదుపును మరొకదానితో చంపారు. ఫైన్‌వెర్క్‌బౌ వారు యంత్రాన్నంతా పట్టాలమీద వెనుకకు జారనిచ్చారు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్సులో గాలి రైఫిలు చేరింది కాని, క్రమంగా పోటీల నుంచి స్ప్రింగే తప్పుకొన్నది. 2012 లండనులో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కంచు పతకం పొందేనాటికి ఆ పోటీల్లో రాజ్యం ముందే నింపిపెట్టిన గాలి సీసాది. కుదుపు లేదు, మూలుగు లేదు.

స్ప్రింగు తిరునాళ్ళలో మిగిలింది. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల కొలత, 20 జౌళ్ళ శక్తి దాటని గాలితుపాకికి లైసెన్సు అక్కరలేదు. అంతమాత్రాన పిట్టలమీదికి ఎత్తరాదు. 1972 వన్యప్రాణి చట్టం ఉన్నది. సలీం అలీ గారు బాల్యంలో బొంబాయి దగ్గర గాలితుపాకితో కొట్టిన పసుపుగొంతు పిచ్చుకే ఆయనను పక్షిశాస్త్రంవైపు నడిపిన సంగతి ఆయన ఆత్మకథ (1985) పేరులోనే ఉన్నది. కాష్గరీ నిఘంటువులోనూ పిచ్చుకే!

మా వైపు దీనిని "బుడగల తుపాకి" అనీ, "చెర్రల తుపాకి" అనీ విన్నాను. మీ ప్రాంతాల్లో ఏమంటారో, ఆ మూలుగుకు ప్రత్యేకంగా మాటేదైనా ఉన్నదో వ్యాఖ్యలలో తెలుపగలరు.