హశ్మత్ జంగు వివాహము: జాతివైషమ్య చరిత్రలో నొక ప్రకరణము

భిన్నజాతీయులైన స్త్రీపురుషుల ప్రణయమునుఁ గూర్చి వ్రాయువారు తఱచుగా రెండు త్రోవలలో నేదో యొకదానిఁ బట్టుదురు. కొందఱు దానిని శృంగారకథగాఁ జెప్పి యానందింతురు. మఱికొందఱు జాతిమతవైరము స్వభావసిద్ధ మని తేల్చి యూరకుందురు. ఈ రెండు మార్గములు చరిత్రకుఁ జాలవు. హైదరాబాదునందలి యాంగ్ల రెసిడెంటు జేమ్సు అకిలీసు కర్కుపాట్రికు, ఆ నగరపు సయ్యదు కుటుంబమునకుఁ జేరిన ఖైరున్నీసా బేగము, వీరి వృత్తాంతమును బరిశీలించినచో వైషమ్య మెక్కడఁ బుట్టినదో, దాని నెవరు పెంచిరో, తుద కెవరిపైఁ బడినదో తెలియఁగలదు.

ఆంగ్లేయ వర్తకసంఘమువారు మొదటినుండియు నిట్టి సంబంధములను ద్వేషించినవారు కారు. 1687వ సంవత్సరమున లండనునందలి డైరెక్టరులు చెన్నపట్టణపు కోటవారికి వ్రాయుచు, తమ సైనికులు దేశీయస్త్రీలను వివాహమాడుట ప్రోత్సహింపఁదగిన దనియు, అట్లు పుట్టిన బిడ్డకుఁ గ్రైస్తవస్నానము జరిగిన దినమునఁ దల్లికి నొక వరహా యియ్యఁదలఁచితి మనియుఁ దెలిపిరి. ఇది యౌదార్యమువలనఁ గలిగినది కాదు; కోటకు నిలుకడయైన జనము కావలసియుండెను. నూఱేండ్లు గడచునప్పటికి వర్తకులు పాలకులైరి. అవసరము మాఱినది, నీతియు మాఱినది. 1786లో మృతులైన యాంగ్లసైనికోద్యోగుల మిశ్రజాతి సంతానము విద్యకై యింగ్లండునకుఁ బోరాదని నిషేధము కలిగినది. 1791లో తల్లిదండ్రులలో నొకరైనను భారతీయులైనవారికి సంఘపు కొలువులు మూసివేయఁబడినవి. 1795లో అట్టివారు సైన్యమునందు బాజాలు వాయించుటకును, గుఱ్ఱములకు లాడములు వేయుటకును మాత్రమే యర్హులని నిర్ణయింపఁబడిరి. తండ్రి శాసించు దొర. కుమారుఁడు మృదంగము మోయు సేవకుఁడు. ఈ మార్పు ఫలమును మరణశాసనములే చెప్పుచున్నవి. 1780-85 నడుమ వంగదేశమున నాంగ్లేయులు వ్రాసిన మరణశాసనములలో మూఁడింట నొకటి దేశీయభార్యనో సహచరినో పేర్కొనుచుండఁగా, 1830 నాఁటికి అది యాఱింట నొకటి యయ్యె నని, 2002లో నీ వృత్తాంతమును సవిస్తరముగా వెలువరించిన విలియము డాల్రింపులు చూపినాఁడు.

కర్కుపాట్రికు 1764లో మద్రాసునఁ బుట్టెను. 1798 మొదలు మరణపర్యంతము హైదరాబాదున రెసిడెంటు. పారసీభాష నేర్చి, దేశీయవేషము ధరించి, నిజాం అలీఖాను చేత 'హశ్మత్ జంగు' బిరుదమును బొందెను. ఆయన స్వజాతి పక్షము విడిచినవాఁ డనుట కాధారము లేదు. నిజాము కొలువులోని ఫ్రెంచి పటాలములను 1798లో నిరాయుధములను జేయించినవాఁ డాతఁడే. బళ్లారి, కడప మొదలగు సీమలను కుంఫిణీవారికి ధారపోసిన 1800వ సంవత్సరపు టక్టోబరు సంధిని నిజాముతోఁ జేసినవాఁడును ఆతఁడే. మన దత్తమండలముల చరిత్రము ఆతని చేవ్రాలుతోఁ బ్రారంభమగుచున్నది.

ఖైరున్నీసా బాకరలీఖాను దౌహిత్రి, మీరాలమునకు జ్ఞాతి. పరిచయము కలుగునప్పటి కామె కించుమించుగాఁ బదునాలుగేండ్లు. వేఱొక కులీనునితో నామెకు వివాహము నిశ్చయమై యుండెను. తల్లి షరఫున్నీసా యీ ప్రణయమున కనుకూలించెను. మాతామహునకు మొదట నిది మహాకోపకారణ మయ్యెను. రెసిడెంటు మహమ్మదీయమతము స్వీకరించె ననియు, మంత్రి యరస్తూజాహు కన్యక తండ్రి స్థానమున నిలిచి వివాహము జరిపించె ననియుఁ దెలియుచున్నది. 1801లో కుమారుఁడును, 1802లోఁ గుమార్తెయుఁ గలిగిరి.

ఇఁక మనఃక్లేశముల మాట. గవర్నరు జనరలు వెల్లెస్లీ విచారణ చేయించెను; 1801లో మద్రాసు గవర్నరు క్లైవుప్రభువు సాక్షులచేతఁ బ్రమాణపూర్వకముగా వాఙ్మూలములు తీసికొనెను. దేశీయస్త్రీని ఉంచుకొనుట యానాఁడు వింత కాదు. అంతఃపురములు గల యాంగ్లోద్యోగు లెందఱో యుండిరి. ఇచటి శంక వేఱు: కులీనకన్య బలాత్కారమున లభించెనా, లేక యామె మూలమున రెసిడెంటే పరులకు వశుఁడయ్యెనా యని. దాసిగా నున్నచో నుపేక్షింపఁబడెడి స్త్రీ, సమానకులీనురాలై యిల్లాలగుటచే నపాయకరమయ్యెను. కర్కుపాట్రికు మొదట నిజమును దాఁచుటయు శంకను బెంచినది. నగరమునందును మనస్సులు నిర్మలములు గావు. సయ్యదుల కన్య పరజాతివానిఁ జేరుట కొందఱికి మానభంగముగాఁ దోఁచెను. 1800లో పదవీచ్యుతుఁడైన మీరాలము తన పతనమునకు రెసిడెంటును నిందించెను. ఇట్లు కులాభిమానము, రాజ్యతంత్రము, వ్యక్తివైరము నొకదానిలో నొకటి కలిసిపోయినవి.

అందఱికంటె బలమైన సాక్ష్యము కర్కుపాట్రికు మరణశాసనము. అందు ఖైరున్నీసాను గౌరవముతోఁ బ్రశంసించి, ఆమెకుఁ జాలినంత సొంత యాస్తి యున్నను, తన యపారప్రేమకు గుర్తుగాఁ బదివేల రూపాయలు వ్రాసినాఁడు. కాని యందే బిడ్డలను ధర్మపత్నీజాతులుగాఁ బేర్కొనలేదు. వివాహబాహ్యసంతానమునకు నాంగ్లన్యాయశాస్త్రము వాడు పేరే వాడినాఁడు. నిఖా చేసికొన్న భర్తయే తన లేఖనితో నా వివాహమును వివాహమని చెప్పలేకపోయెను. జాతిభేదపు శాసనము దొరతనమువారి కాగితములయందే కాక, ప్రేమించినవాని చేతివ్రాతయందును బ్రవేశించిన దనుట కింతకంటె నిదర్శన మేమి కావలయును?

1805 సెప్టెంబరులో బిడ్డలిద్దఱు మద్రాసునుండి యోడ నెక్కిరి. అప్పటికి బాలునకు నాలుగేండ్లు, బాలికకు మూఁడేండ్లు. వారి వెళ్లుటకు ముందు చిత్రకారుఁడు జార్జి చిన్నెరీ మద్రాసున వారి రూపములను లిఖించెను. అక్టోబరు 15వ తేదీని తండ్రి కలకత్తాలో మరణించెను. ఇంగ్లండునఁ గ్రైస్తవస్నాన మొంది వారు విలియం, కేథరీన్ అయిరి. వారికి మహమ్మదీయ నామము లుండె నను మాట మఱుగుపడెను.

ఖైరున్నీసా కలకత్తాకుఁ బోయి, భర్తకు సహాయోద్యోగిగా నుండిన హెన్రీ రస్సెలు నాశ్రయించెను. మంత్రిపదవిని బొందియున్న మీరాలము ఆమెను నగరమునకు రానీయలేదు. మచిలీపట్టణమున నిర్వాసితగా నుండవలసివచ్చెను. రస్సెలు మద్రాసున వేఱొక యువతిని వివాహమాడెను. మీరాలము గతించిన పిమ్మట హైదరాబాదు చేరి, 1813 సెప్టెంబరులో ఇరువదియేడేండ్ల ప్రాయమున నామె మరణించెను. రెండు జాతులవారిలో నొకరు నామెను దమ యింటికిఁ గోరలేదు. రస్సెలు మాత్ర మప్పటికే హైదరాబాదున రెసిడెంటై యుండెను. పురుషునకుఁ బదవి, స్త్రీకి నిర్వాసము: వైషమ్యము తన ఋణమును వసూలు చేసిన క్రమ మిది.

కుమార్తె కేథరీన్ అనఁగాఁ గిట్టీ. రస్సెలు గృహమునఁ జిన్నెరీ చిత్రమును జూచిన పిదప మాతామహి షరఫున్నీసా జీవించియున్న దని తెలిసి, 1841 ప్రాంతమున నామెకు లేఖ వ్రాసెను. సుమారు నలువదేండ్ల యెడఁబాటు. వారు పరస్పరము లేఖలు వ్రాసికొనిరి, చూచికొనలేదు. షరఫున్నీసా 1847లోను, కిట్టీ 1889లోను గతించిరి.

కర్కుపాట్రికు కట్టించిన రెసిడెన్సీ సౌధము నేఁటికిని హైదరాబాదున నిలిచియున్నది. 1949లో స్త్రీల కళాశాల యయ్యెను. బేగము వసించిన రంగమహలు మాత్రము 1860 ప్రాంతమున నొక రెసిడెంటు పడఁగొట్టించినాఁడు. తోటలో సౌధపుఁ జిన్ననమూనా యొకటి మిగిలినది. పరదాలోనున్న యామె పెద్దభవనమును స్వయముగాఁ జూడలేనందున దానిని భర్త చేయించె నని లోకులు చెప్పుదురు. ఇది నిజమైనను గాకున్నను, పడఁగొట్టఁబడినది భార్య యిల్లు, నిలిచినది దొర కచేరి యనుట నిజము.

ఈ వృత్తాంతమువలనఁ దేలుచున్నది యొకటి. మనఃకాలుష్యము రక్తముతోఁ బుట్టినది కాదు. ఒకప్పు డదే సంఘము వరహా లిచ్చి యీ కలయికను గోరినది. మఱియొకప్పుడు శాసనములతో దానిని నిందించినది. ఆజ్ఞ వ్రాసినవా రది మఱచిపోవుదురు. దాని బరువును మోయువారు మఱువలేరు. ప్రేమకథలుగా మనము చదువుకొను వృత్తాంతములలో నీ బరువు నెవరు మోసిరో యడుగుట చరిత్రకారుని ధర్మము.