ఆకుల మొహం ఎవరిది?

ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్‌షైర్‌లో కిల్పెక్ అని ఓ చిన్న ఊరు. 1140 ప్రాంతంలో కట్టిన చర్చి అక్కడ ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. దక్షిణ ద్వారం దగ్గర ఓ స్తంభ శీర్షం మీద ఒక మొహం చెక్కారు. గుడ్లు మిటకరించి చూస్తూ, నోట్లోంచి రెండు పక్కలకీ తీగలు కక్కుతూ ఉంటుంది. ఏసు కాదు, పునీతుడు కాదు, బైబిల్లో ఇలాంటివాడి ఊసే లేదు. అయినా మధ్యయుగాల పశ్చిమ ఐరోపా చర్చిల్లో ఈ మొహాలు కుప్పలుతెప్పలుగా కనిపిస్తాయి. కొన్నింటికి నోట్లోంచి కొమ్మలొస్తాయి, కొన్నింటికి కళ్లలోంచి. ఇంకొన్నింటికి చెంపలు, గడ్డం, నుదురు అన్నీ ఆకులే. స్కాట్లండ్‌లో 1446లో మొదలుపెట్టిన రాస్లిన్ చాపెల్‌లో ఒక్కచోటే ఇవి వందకు పైగా ఉన్నాయి.

ఇదేమిటో చెక్కినవాళ్లు చెప్పలేదు. జవాబు చెప్పే పని 1939లో లేడీ రాగ్లన్ నెత్తిన వేసుకున్నారు. వేల్స్‌లోని లాంగుమ్ చర్చిలో అక్కడి పాదిరి ఆమెకు ఇలాంటి మొహం ఒకటి చూపించారు. ఇది శిల్పి ఊహలోంచి వచ్చింది కాదు, కళ్లారా చూసిన మనిషినే చెక్కి ఉంటాడని ఆమెకు తోచింది. ఆ మనిషి ఎవరు? మే నెల మొదటి రోజు పండక్కి ఒళ్లంతా ఆకులు కప్పుకుని వీధుల్లో ఆడే 'జాక్ ఇన్ ద గ్రీన్'. అతనే రాబిన్ హుడ్, అతనే మే రాజు. క్రైస్తవం రాకముందు కొలిచిన పచ్చదనపు దేవుడికి వీళ్లంతా మిగిలిన ఆనవాళ్లు. 'ఫోక్‌లోర్' పత్రికలో వచ్చిన చిన్న వ్యాసంలో ఆమె కట్టిన వాదం ఇది. మొహానికి 'గ్రీన్ మ్యాన్' అని పేరు పెట్టిందీ ఆమే. ప్రాచీన మతాలనూ ఆచారాలనూ పోల్చి చూపిన ఫ్రేజర్ గ్రంథం 'గోల్డెన్ బౌ' ప్రభావం బలంగా ఉన్న రోజులవి. ప్రతి ఊరి పండగ వెనకా ఓ పాత దేవుణ్ణి వెతకడం చదువుకున్నవాళ్లకు అలవాటైపోయింది. ఆ తర్వాత ఇంగ్లండ్ కట్టడాల మీద ఊరూరా తిరిగి పుస్తకాలు రాసిన నికొలస్ పెవ్స్‌నర్ కూడా ఆ పేరునే వాడటంతో అది పాతుకుపోయింది.

వాదం మాత్రం నిలవలేదు. రాయ్ జడ్జ్ అనే పరిశోధకుడు 1979లో జాక్ చరిత్ర మొత్తం తవ్వి తీశారు. పద్దెనిమిదో శతాబ్దం చివరి భాగానికి ముందు జాక్ జాడ ఎక్కడా లేదు. పొగగొట్టాలు శుభ్రం చేసే లండన్ కూలీలు మే ఒకటిన నాలుగు డబ్బులు దండుకోవడానికి వేసిన వేషం అది. కిల్పెక్ శిల్పికీ ఆ కూలీలకీ మధ్య ఆరు వందల ఏళ్ల పైచిలుకు దూరం. ఇంత దూరాన్ని ఒక్క వ్యాసంతో దూకేసిన రాగ్లన్ ధైర్యాన్ని మెచ్చుకోవాల్సిందే!

ఇంతకీ ఈ మొహం చర్చిలోకి ఎలా వచ్చింది? నాకు నమ్మకంగా తోచే దారి కేథలిన్ బాస్‌ఫర్డ్ చూపించినది. ఆమె వృక్షశాస్త్రవేత్త. 1978లో వచ్చిన ఆమె పుస్తకం దేవుళ్ల జోలికి పోకుండా రాళ్ల వెంట నడిచింది. రోమన్లకు ఆకుల మొహాలు కొత్త కాదు, ఆలయాల అలంకారంలో వాడేవారు. ఆరో శతాబ్దంలో జర్మనీలోని ట్రియర్ నగరంలో బిషప్ నికీటియస్ తన చర్చిని బాగుచేయిస్తూ, పాడుబడిన రోమన్ కట్టడం నుంచి తెచ్చిన స్తంభ శీర్షాలను అందులో పెట్టించాడు. వాటి మీద ఆకుల మొహాలున్నాయి. పాత రాయి మళ్లీ వాడుకోవడమే తప్ప అందులో రహస్య పూజలేమీ లేవు. దేవుడు మారినా రాయి పనికొచ్చింది. అక్కణ్నుంచి శిల్పి చేతి నుంచి శిల్పి చేతికి నమూనా పాకడానికి మతం అవసరం లేదు. 1230 ప్రాంతంలో ఫ్రాన్స్‌కు చెందిన విలార్ ద ఒనెకూర్ గీసుకున్న బొమ్మల పుస్తకం పారిస్‌లో భద్రంగా ఉంది. కట్టడాలు, యంత్రాలు, జంతువుల బొమ్మల మధ్య ఆకులతో అల్లిన మొహాలూ అందులో ఉన్నాయి. పనివాడికి అదీ ఒక నమూనాయే.

నమూనా ఎక్కణ్నుంచి వచ్చిందో తేలినంత మాత్రాన అర్థం తేలదు. బాస్‌ఫర్డ్‌కు ఈ మొహాల్లో వసంతం కనిపించలేదు. చాలావాటిలో బాధ, భయం, తీగల్లో చిక్కుకున్న ఉక్కిరిబిక్కిరి కనిపించాయి. తొమ్మిదో శతాబ్దపు మైంట్స్ ఆర్చిబిషప్ రబానస్ మౌరస్ ఆకుల్ని శరీర వాంఛలకూ పాపానికీ గుర్తుగా చెప్పాడని ఆమె గుర్తుచేశారు. మరికొందరు మధ్యయుగంలో అందరికీ తెలిసిన ఆదాము కథ వైపు చూస్తారు. చనిపోయిన తండ్రి నోట్లో కొడుకు షేతు గింజలు పెట్టాడనీ, వాటి నుంచి మొలిచిన చెట్టే చివరికి శిలువ మానయిందనీ ఆ కథ. నోట్లోంచి కొమ్మలు రావడానికి ఇంతకంటే చక్కగా కుదిరే కారణం దొరకదు. కాకపోతే కళ్లలోంచి, చెవుల్లోంచి వచ్చే కొమ్మల సంగతి ఇది చెప్పదు. ఒకే అర్థం అన్నిటికీ సరిపోవాలని పట్టుబట్టడంలోనే చిక్కుందేమో.

మన కీర్తిముఖం పేరు కూడా ఈ వాదంలోకి వచ్చింది. మధ్యయుగపు అరబ్ ప్రపంచం మీదుగా అది ఐరోపా చేరి ఉంటుందని మెర్సియా మెక్‌డెర్మట్ ప్రతిపాదించారు. ఆలయాల తోరణాల మీద మిడిగుడ్ల కీర్తిముఖాన్ని చూస్తూ పెరిగినవాళ్లకు కిల్పెక్ మొహం దూరపు చుట్టంలాగే అనిపిస్తుంది. కానీ పోలిక వేరు, చుట్టరికం వేరు. రోమన్ కట్టడం నుంచి ట్రియర్ చర్చికి రాళ్ల సాక్ష్యం ఉంది. మన దేశం నుంచి వెళ్లిన దారికి అంత గట్టి రుజువు లేదు.

ఇన్ని పరిశోధనలు జరిగినా గెలిచింది రాగ్లనే. 2023లో మూడో చార్లెస్ పట్టాభిషేకానికి పంపిన ఆహ్వాన పత్రిక అడుగున ఓక్, ఐవీ, హాథార్న్ ఆకులతో అల్లిన గ్రీన్ మ్యాన్ మొహం ఉంది. బ్రిటిష్ జానపదాల్లోని ప్రాచీన మూర్తి అనీ, వసంతానికీ పునర్జన్మకూ గుర్తు అనీ రాజభవనం దాన్ని పరిచయం చేసింది. రాగ్లన్ వ్యాసం వచ్చి అప్పటికి ఎనభై నాలుగేళ్లు.